చెయ్యి వేసిన చోటు

స్విచ్చి నొక్కగానే గేదె చెవులు వెనక్కి వాల్చింది. దానయ్య తొందరపడలేదు. గుర్రుమంటున్న క్లిప్పరు మిషనును జానెడు దూరంలో గాలిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ముందు దానికి చప్పుడు అలవాటు కావాలి. తర్వాత మిషను వీపును దాని భుజానికి ఆనించి అదురు తెలియనివ్వాలి. పళ్ళు ఆ తర్వాతే. ఈ వరస తప్పి నేరుగా మెడ మీద పెట్టేసినవాడొకడు దవడ విరగ్గొట్టుకుని నెలల తరబడి గంజి తాగాడు.

“ఏం లేదు తల్లీ. ఏం లేదు.”

గేదెలతో అతడు తెలుగే మాట్లాడతాడు. అవి హర్యానా నుంచి లారీలో దిగినా, భిలాయి డెయిరీ నుంచి నడిచి వచ్చినా అంతే. మనుషులతో హిందీ. రాయపూర్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటాక అతడికి తెలుగు మిగిలింది రెండే చోట్ల. ఒకటి గేదెల దగ్గర, రెండు సూరమ్మ వదిన ఇంట్లో.

గేదె చెవులు మళ్ళీ ముందుకొచ్చాయి. దానయ్య మెడ దగ్గర మొదలుపెట్టాడు. వెంట్రుక వాలుకు ఎదురుగా, ఒక్కో పట్టీ చొప్పున తీసుకుంటూ పోయాడు. చర్మం ముడతపడ్డ చోట ఎడమచేత్తో సాగదీసి పట్టుకున్నాడు. ముడతలో పళ్ళు పడితే నెత్తురే. కాసేపటికి మిషను ఆపి, బ్లేడును తన మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకున్నాడు. తనకు చురుక్కుమంటే గేదెకూ చురుక్కుమంటుంది. చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి పళ్ళ మీద నూనె చుక్కలు వేశాడు. మళ్ళీ స్విచ్చి నొక్కాడు.

భన్‌పురి పెద్ద రోడ్డు మీద లారీలకు బాడీలు కట్టే షెడ్ల వెనక, సందు చివర ఉంది పరదేశి అనే వ్యాపారి గేదెల దొడ్డి. ముందు వెల్డింగు చప్పుళ్ళు, వెనక గూడ్సు బళ్ళు. మధ్యలో పేడ, చిట్టు, ఆవనూనె కలిసిన వాసన. శివరాత్రి వెళ్ళి నాలుగు రోజులైంది. గేదెల చలికాలపు బొచ్చు తీసే రోజులివి. ఈ రోజుల్లో దానయ్య చేతుల మీదా, మెడ మీదా, కనుబొమల్లో కూడా నల్లటి తుంపు వెంట్రుకలు చెమటకు అంటుకునే ఉంటాయి. పొట్టి మనిషి. కొద్దిగా దొడ్డికాళ్ళు. మిషను పట్టీ పట్టీ కుడి అరచెయ్యి కాయలు కాసి మూకుడులా అయింది. వెంట్రుక పొడి గొంతులో దిగి, పొద్దున్నే ఒక దగ్గు వస్తుంది. ఏ సబ్బుకూ పోని వాసన ఒకటి ఒంటికి పట్టింది. సిటీ బస్సులో పక్కవాడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకునే లోపు తనే లేచి వెనక్కి వెళ్ళి నిలబడతాడు.

కానీ అతడు సిగ్గుపడేది వాసనకు కాదు.

దొడ్డిలో అతడి పని బొచ్చు తీయడం ఒక్కటే కాదు. గేదెను అమ్మకానికి ముస్తాబు చేయడం. ఎండిపోయిన పాత గేదె ఒకటి లారీ దిగుతుంది. సోడా నీళ్ళతో రుద్ది కడిగి, ఆరబెట్టి, నెత్తి మీది నెరిసిన వెంట్రుకతో సహా సన్న బ్లేడుతో నున్నగా తీసేస్తాడు. ఈతకొకటి చొప్పున కొమ్ము మొదట్లో పడ్డ ఉంగరాలను గాజుపెంకుతో గీకి, ఆకురాయితో అరగదీస్తాడు. ఆవనూనెలో దీపపు మసి కలిపి ఒళ్ళంతా పట్టిస్తాడు. సాయంత్రానికి దాని పాత యజమాని వచ్చినా ఆనవాలు పట్టలేడు. కొన్నవాడు మోసపోయానని తెలుసుకునేసరికి మొదటి వాన పడి ఉంటుంది.

ఎవరైనా తిరిగొచ్చి అరిస్తే దానయ్య గడ్డివాము వెనక్కి తప్పుకునేవాడు. ‘నేను కత్తిరించేవాణ్ణి. అమ్మేవాణ్ణి కాదు’ అనుకునేవాడు. ఆ మాట చాలా ఏళ్ళు బాగానే పనిచేసింది.

మెడ అయింది. వీపు అయింది. కుడి పక్క అయింది. ఎడమ డొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

మిషను కంటే ముందు అతడి ఎడమచెయ్యి వెళుతుంది, తోవ చూడ్డానికి. ఆ వేళ్ళకు ఏదో గట్టులా తగిలింది. మిషను ఆపి, వెంట్రుకలు విడదీసి చూశాడు. వేలి మందాన మూడు గీతలు, పక్కపక్కన. వాటి మీద వెంట్రుక మొలవలేదు. చర్మం నున్నగా, కాలిన రబ్బరులా మెరుస్తోంది.

వాతలు.

కడుపు నిలవని గేదెలకు పల్లెల్లో ఇనుప కడ్డీ కాల్చి డొక్కన పెడతారు. ఒకసారి ఈసుకుపోతే, నెలలు నిండకుండా దూడ పడిపోతే, ఎవరూ పెట్టరు. మళ్ళీ మళ్ళీ పోతేనే పెడతారు. ఇది చూడి గేదె. పొట్ట బరువుగా దిగి ఉంది. దీన్ని చూడి గేదె అనే అమ్ముతున్నారు.

“అరే దానయ్యా, దుల్హన్ తయారైందా?”

పరదేశి వెనకనుంచి వచ్చాడు. బొద్దు మనిషి. మెడలో గంధం రంగు తువ్వాలు. రైల్వే కాలనీల తెలుగువాళ్ళకు గేదెలమ్మీ అమ్మీ తెలుగు నేర్చుకున్నాడు. దానికి తన హిందీ కలిపి, తిరగమోత పెట్టినట్టు మాట్లాడతాడు. దానయ్య మాత్రం అతడికి హిందీలోనే బదులిస్తాడు.

దానయ్య వెంట్రుకలు విడదీసి పట్టుకునే ఉన్నాడు. పరదేశి చూసి నవ్వాడు.

“దొరికిందా? నీ చెయ్యి డాక్టర్ చెయ్యి భాయ్. దాని దగ్గర ఏదీ దాగదు.”

“ఎన్నిసార్లు పోయింది?”

“పాత సేఠ్ రెండన్నాడు. వాడు రెండంటే నువ్వు మూడనుకో.”

“ఇప్పుడెన్నో నెల?”

“ఎనిమిది నిండింది. ఈసారి నిలబడొచ్చు గదా? నిలబడితే నువ్వూ నేనూ ధర్మాత్ములం.” పరదేశి వంగి ఆ చోటును బొటనవేలితో ఒత్తి చూశాడు. “ఇటు సన్న బ్లేడు వద్దు. మోటు బ్లేడు లగా. వెంట్రుక ఉండాలి, దాని మీద మసి నూనె నేను పట్టిస్తా. పార్టీ ఇప్పుడే ఫోన్ చేసింది, ఆటోలో వస్తోందట. బుడ్ఢీ ఔరత్. దానికేం తెలుస్తుంది.”

దానయ్య మరలు విప్పాడు. దగ్గరదగ్గరగా పళ్ళున్న సన్న బ్లేడు చర్మం కనిపించేంత నున్నగా తీస్తుంది. ఎడమెడంగా పళ్ళున్న మోటు బ్లేడు వేలి గోరంత పొడుగు వదిలేస్తుంది. సన్నదాన్ని తుడిచి నూనెగుడ్డలో చుట్టాడు. మోటుదాన్ని బిగించాడు. ఇదేం మొదటిసారి కాదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మూడు గీతలూ వెంట్రుక కింద మునిగిపోయాయి. పరదేశి మసి నూనె పట్టించాక అక్కడేదో ఉందని తెలిసినవాడికి కూడా అనుమానమే.

ఆటో వచ్చి ఆగింది. దిగిన ముసలావిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, పేడ కుప్పలు తప్పించుకుంటూ లోపలికి వస్తోంది. భుజాన గుడ్డ సంచి. సంచిలోంచి పసుపు రాసిన కొత్త తాడు తొంగిచూస్తోంది.

సూరమ్మ.

శ్రీకాకుళం వైపు నుంచి అతణ్ణి రాయపూర్ తెచ్చినవాడు ఆవిడ మొగుడు నూకరాజు. రైల్వేలో గ్యాంగుమనిషి. సొంత అన్న కాకపోయినా అంతకంటే ఎక్కువ. దానయ్యను పట్టాల పనిలో రోజుకూలీగా పెట్టించాడు. ఆ ఉద్యోగం ఖాయం కాలేదు. ఖాయమైనవాళ్ళ జాబితాలో తన పేరు లేదని తెలిసిన రోజు దానయ్య తిండి మానేస్తే, కంచం ముందు కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టింది సూరమ్మ. వాళ్ళ పెరట్లోని గేదె దగ్గరే అతడు పశువుల పని నేర్చాడు. ఎక్కడ చెయ్యి వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు, కడుపులో దూడ ఎటు పడుకుంటుంది, అన్నీ ఆవిడ చెప్పినవే. పరదేశి దొడ్డిలో కుదిరినప్పుడు నూకరాజు పాసు మీద నాగపూర్ వెళ్ళి, రెండు పిడుల చేతి మిషను ఒకటి తెచ్చిచ్చాడు. “కరెంటు పోయినా నీ కూడు పోకూడదురా” అన్నాడు. కరెంటు మిషను పరదేశిది. చేతి మిషను మాత్రం దానయ్యది. అది అతడి సంచి దాటి ఎక్కడికీ పోదు.

నూకరాజు పోయాడు. దానయ్య పెళ్ళాం పైడమ్మ అంతకుముందే జ్వరంతో పోయింది, పిల్లల్లేకుండానే. ఆదివారం ఆదివారం సూరమ్మ ఇంట్లో అన్నం. ఈ ఊళ్ళో అతడి కోసం పొయ్యి వెలిగే ఇల్లు అదొక్కటే.

దీపావళికి ఆవిడ గేదె చచ్చిపోయింది. కాలనీలో పాలు పోసి బతికే మనిషి. “మంచిదొకటి సూడరా” అని అప్పటినుంచీ అడుగుతోంది. చూస్తాను వదినా, చూస్తాను వదినా అంటూ నెట్టుకొచ్చాడు. ఎందుకు నెట్టుకొచ్చాడో అతడికి తెలుసు. ఈ దొడ్డిలో మంచిదేదో చెడ్డదేదో ఆవిడకు చెబితే పరదేశి ఊరుకోడు. దొడ్డిలో తను పడుకునే మూల గదీ ఉండదు, పనీ ఉండదు. చెప్పకపోతే…

అంతవరకూ ఆలోచించకుండా ఉండటానికే నెట్టుకొచ్చాడు.

“ఏటిరా, దెయ్యాన్ని సూసినట్టు సూస్తన్నావు?” సూరమ్మ నవ్వింది. “నువ్వు సూస్తాను సూస్తాను అని నా పాల ఖాతాలన్నీ ప్యాకెట్లోడికి అప్పగించీసేలా ఉన్నావు. అందుకే నానే వచ్చీసినాను.”

“ముందే చెబితే…”

“సెప్తే? మళ్ళీ సూస్తానందువు.”

పరదేశి రెండు చేతులూ జోడించాడు. “రండమ్మా రండి. దానయ్య మీ ఆద్మీయా? అరే, ముందే బోల్నా చాహియే. మీకు ఝూట్ చెప్తే నాకు పాపం లగ్తా.” అంటూ దానయ్య వైపు ఒక్క చూపు చూశాడు. నవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం లేదు.

సూరమ్మకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. తలదగ్గర మొదలుపెట్టింది. కింది పెదవి దించి పళ్ళు చూసింది. కళ్ళు చూసింది. తోక ఎత్తి చూసింది. పొదుగు కింద చెయ్యి పెట్టి నాలుగు చన్నులూ విడివిడిగా తడిమింది. ఈ గేదె వయసు నిజంగానే చిన్నది, పళ్ళూ పొదుగూ అబద్ధం ఆడలేదు. ఆవిడ కుడి పక్కకు వెళ్ళి డొక్కలో పిడికిలితో మెల్లగా నొక్కి, చెవి ఒగ్గినట్టు తల వంచి నిలబడింది. ముఖం విప్పారింది.

“కదుల్తన్నాది.”

అప్పుడు ఇటు వచ్చింది.

దానయ్య ఎప్పుడు అక్కడికి జరిగాడో అతడికే తెలియదు. గేదె ఎడమ పక్కన నిలబడి ఉన్నాడు. అరచెయ్యి దాని డొక్క మీద ఉంది, ముద్దుచేస్తున్నవాడిలా. వేళ్ళ కింద మూడు గట్లూ స్పష్టంగా తెలుస్తున్నాయి. గేదె ఊపిరి తీసినప్పుడల్లా అవి పైకి లేచి చేతిని నెడుతున్నాయి.

సూరమ్మ చూపు ఆ చేతి చుట్టూ తిరిగింది. “ఒళ్ళంతా నున్నగా తీసీసి, ఇటేటి ఎంటికలు ఒత్తుగా ఒగ్గీసినావు?”

తువ్వాలు సర్దుకుంటున్న పరదేశి చెయ్యి ఆగింది.

“తెల్లారగట్ల ఇంకా చలిగానే ఉంది గదా వదినా.” దానయ్య గొంతు తనకే కొత్తగా వినిపించింది. “కడుపుతో ఉన్నది. దూడ ఉన్న పక్క గదా, చలి తగలకూడదని ఉంచాను.”

నోరు దాటాక తెలిసింది. దూడ ఉండేది కుడి డొక్కలో. ఇది ఎడమ. ఇప్పుడే, అతడి కళ్ళ ముందే, ఆవిడ కుడి డొక్కలో పిడికిలి పెట్టి దూడను పలకరించి వచ్చింది.

సూరమ్మ అతడి ముఖంలోకి చూసింది. ఎక్కువసేపు కాదు. కళ్ళెత్తి, దించేసింది, అంతే. అడుగుతుందేమో. అడిగితే చెప్పేస్తాను. దేవుడి సాక్షిగా చెప్పేస్తాను. అడగనీ.

“సర్లే,” అంది సూరమ్మ. “నీ సెయ్యి పడ్డ గేదికి నానేటి సూసేది.”

బేరం మొదలైంది. గేదెల బేరం నోటితో జరగదు. తువ్వాలు కప్పి, దాని కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తువ్వాలు కదలడమే కనిపిస్తుంది.

“నాను ఆ తువ్వాలు కింద సెయ్యెట్టను,” అంది సూరమ్మ. “నా సెయ్యి నువ్వేరా దానయ్యా.”

ఆవిడ తరఫున దానయ్య చెయ్యి పెట్టాడు. తువ్వాలు కింద పరదేశి చెయ్యి వెచ్చగా, తడిగా ఉంది. దానయ్య మరీ తక్కువ అడిగాడు. ఇంత తక్కువకు ఎవడూ ఇవ్వడు, బేరం విరిగిపోవాలి అని అడిగాడు. మామూలుగా ఆ ధరకు పరదేశి చెయ్యి విదిలించుకుని, అమ్మోరి మీద ఒట్లు పెట్టి, నలుగురిని సాక్ష్యం పిలుస్తాడు. ఈ రోజు ఒక్క క్షణం ఆగాడు. ఒప్పుకున్నట్టు నొక్కాడు. వదిలేముందు దానయ్య చిటికెనవేలును పట్టి, ఎముక తగిలేలా ఇంకోసారి నొక్కాడు. నోరు ముయ్యి అనే మాటకు ఆ వేళ్ళ భాషలో గుర్తేమీ లేదు. అయినా అర్థమైంది.

ధర విని సూరమ్మ కళ్ళు పెద్దవి చేసింది. “నువ్వు నేకపోతే నా గుడ్డలూడదీసీవోడు ఈడు.”

పరదేశి తన తాడు విప్పి భుజాన వేసుకున్నాడు. అమ్మినవాడి తాడు కొన్నవాడి ఇంటికి పోకూడదు. సూరమ్మ పసుపు తాడు గేదె మెడకు కట్టింది. తాడు మారితే బేరం తెగినట్టే. ఇంక తిరుగులేదు.

*

గేదెను ఇంటిదాకా తోలిపెట్టడం కూడా దానయ్య పనే. ఎండ కాస్త తగ్గాక బయలుదేరారు. ఖమ్తరాయి మీదుగా వ్యాగన్ షాపు కాలనీ దాకా నడక. సూరమ్మ తాడు పట్టుకుని ముందు నడిచింది. దానయ్య వెనక నడిచాడు, ఎడమ పక్కన. లారీ హారన్ కొట్టినప్పుడల్లా గేదె కంటే ముందు అతడే ఉలిక్కిపడ్డాడు.

దారి పొడవునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. జున్ను ఎవరెవరికి పంచాలి, ప్యాకెట్ పాలకు మారినవాళ్ళలో ఎవరు మళ్ళీ వస్తారు, ఎవర్ని బతిమాలినా రానివ్వకూడదు.

“మీ అన్నుంటే ఈపాటికి దీనికి పేరెట్టీవోడు. నువ్వెట్టరా.”

“ఈనాక పెడదాం వదినా.”

“అదేటి? గేదికి పేరెట్టడానికి దూడెందుకు?”

వంతెన కింద గూడ్సు బండి చప్పుడు ఎక్కువగా ఉంది. అది అతణ్ణి కాపాడింది.

కాలనీ మొదట్లో సరోజిని అనే నర్సు గేటు దగ్గర నిలబడి ఉంది. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. “గేదె బాగుందండీ సూరమ్మగారూ. ఎంతయిందేంటి?”

“మా మరిది బేరం సేసినాడు,” అంది సూరమ్మ, ఎంతయిందో చెప్పకుండా. “పరదేశిగాడి నోట మాట నేదు. మనోడంటూ ఒకడుండాల.”

దానయ్య తల దించుకుని గేదె కాళ్ళకేసి చూశాడు. సరోజిని అది వినయం అనుకుంది.

ఇంటి ముందు గేదె కాళ్ళకు నీళ్ళు పోసింది సూరమ్మ. నుదుటికి పసుపు రాసి, బొట్టు పెట్టింది. పెరట్లో పాత గేదె ఉన్న చోటే కట్టింది. కుడితి పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, కొత్త చీర కట్టిన కూతుర్ని చూసినట్టు చూసింది. అప్పుడు ముఖం చిట్లించింది.

“ఇలాగుంటే నలుగురూ నవ్వుతారురా. సగం గొరిగీసిన తలకాయిలాగున్నాది. ఆ పక్కది కూడా తీసీ.”

“మిషను దొడ్డిలో ఉండిపోయింది వదినా.”

“మీ అన్న కొన్న సేతి మిషను నీ సంచీలో ఉంటాది గదా. దాన్నొగ్గీసి నువ్వెక్కడికెల్తావు?”

రేపు వస్తాను అనొచ్చు. చీకటి పడుతోంది అనొచ్చు. చలి మాట ఇంకోసారి చెప్పొచ్చు. మూడు మాటలూ నాలుక మీద వరసగా నిలబడ్డాయి. దానయ్య ఆవిడ వంక చూశాడు. ఆవిడ కుడితి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, ఏమీ అడగని ముఖంతో చూస్తోంది. ఆ ముఖం అతడికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. జాబితాలో పేరు లేని రోజు కంచం ముందు పెట్టి చూసిన ముఖం అదే.

సంచిలోంచి చేతి మిషను తీశాడు. నూకరాజు తెచ్చినప్పటి మెరుగు లేదు గానీ పళ్ళు పదునే. సన్న పళ్ళు. ఇది వెంట్రుకను చర్మం దగ్గరిదాకా తీస్తుంది. ఏదీ మిగల్చదు.

నూనె వేశాడు. రెండు పిడులూ కలిపి నొక్కుతూ, డొక్క కింది అంచు నుంచి పైకి వెళ్ళాడు. కరెంటు మిషనులా దీనికి గోల ఉండదు. కత్తెర ఆడినట్టు చిన్న చప్పుడు. నూనె మసి పట్టిన వెంట్రుకలు గుత్తులుగా రాలి అతడి పాదాల మీద పడ్డాయి. మొదటి గీత బయటపడింది. చెయ్యి ఆగలేదు. రెండోది. మూడోది. అవి పూర్తిగా కనిపించేదాకా, చుట్టూ జానెడు మేర నున్నగా అయ్యేదాకా తీస్తూనే ఉన్నాడు. తీయడానికి ఇంకేమీ లేకపోయాక కూడా మిషను గాలిలో రెండుసార్లు ఆడింది.

సూరమ్మ దగ్గరికొచ్చింది. మూడు గీతల మీదా వేలు వేసి చూసింది. తర్వాత అరచెయ్యి మొత్తం పరిచి పెట్టింది, పొద్దున దానయ్య పెట్టిన చోటే, పెట్టినట్టే.

“పొద్దుట నుంచీ నీ సెయ్యి ఇక్కడే ఉన్నాది,” అంది.

“నేను కత్తిరించేవాణ్ణి వదినా…”

మిగతా సగం రాలేదు. ఇన్నేళ్ళు పనిచేసిన మాట, ఆవిడ ముందు సగంలోనే చచ్చిపోయింది.

“దూడ ఎడమ డొక్కన ఉందన్నావు సూడు, అప్పుడే ఏటో తేడా అనిపించినాది. నీ మాట తప్పని తెలిసినాది. నీ సెయ్యి తప్పనుకోనేదు.”

దానయ్య పసుపు తాడు ముడి మీద చెయ్యి వేశాడు.

“తోలుకుపోతాను వదినా. ఇప్పుడే. వాడి కాళ్ళు పట్టుకునైనా తిరిగి ఇప్పిస్తాను.”

“తాడు మారీసినాక ఇస్తాడేటి ఆడు?” ఆవిడ గొంతు పెరగలేదు. “ఇచ్చినా నాను పంపను. అంత దూరం నడిసొచ్చినాది. మళ్ళీ రోడ్డెక్కిస్తే ఉన్నది కూడా పోతాది. ఆ గేదేటి సేసినాది పాపం.”

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. దానయ్య మిషనును నేలమీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

“అన్నం ఒండీసినాను,” అంది సూరమ్మ లోపలికి వెళుతూ. “తినీసి ఎల్లు.”

కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కున్నాడు. వెంట్రుకలు పోయాయి, నల్లటి నూనె పోలేదు. కంచం ముందు కూర్చున్నాడు. వంకాయ ఎండుచేపల కూర, అతడికి ఇష్టమని ఆవిడ ఆదివారాలు వండేది. ఈ రోజు ఆదివారం కాదు. గేదె వచ్చే రోజని, దానయ్య తోలుకొస్తాడని పొద్దున్నే వండి పెట్టింది. తినకుండా లేస్తే అదొక అవమానం ఆవిడకు. తింటే అవమానం తనకు. తిన్నాడు. రెండోసారి వడ్డించింది, అదీ తిన్నాడు. ముద్ద దిగినప్పుడల్లా వాతలు పెట్టినట్టే ఉంది.

లేచి కంచం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఏనాడూ అతణ్ణి కంచం కడగనివ్వలేదు సూరమ్మ. చేతిలోంచి లాగేసుకునేది, “మగాడివి, నీకేటి పని” అని కసిరేది.

ఈ రోజు లాక్కోలేదు. గడప మీద కూర్చుని గేదెకేసి చూస్తోంది.

కంచం కడిగి బోర్లించాడు.

“వస్తాను వదినా.”

ఆదివారం తొందరగా రా, అనేది ఎప్పుడూ.

“మంచిది,” అంది.

మర్నాడు పరదేశి రెండుసార్లు కేకేసి, మూల గది తలుపు తోసి చూశాడు. గోడకు చొక్కా లేదు. సన్న బ్లేడు మాత్రం నూనెగుడ్డలో చుట్టి కిటికీలో పెట్టి ఉంది. మందిర్ హసౌద్ అవతల ఏదో డెయిరీలో పేడ తీస్తున్నాడని ఒకరు, పలాస బండి ఎక్కాడని ఇంకొకరు చెప్పుకున్నారు. కరెంటు మిషను పట్టుకోవడానికి పరదేశి ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

సూరమ్మ ఆ గేదెను గుమ్మం దాటించలేదు. మేత, నీళ్ళు అన్నీ కట్టిన చోటికే మోసింది. శ్రీరామనవమి దాటిన పదో రోజున అది ఈనింది. బక్క దూడ, కానీ లేచి నిలబడింది. ఈ సంగతి దానయ్యకు చేరలేదు. గేదె కడుపు నిలబెట్టుకుందో ఈసుకుపోయిందో అడగడానికి అతడికి ముఖం చెల్లలేదు. జున్ను గిన్నె ఒకటి వీధిలో ఎవరికీ ఇవ్వకుండా రెండు రోజులు ఉట్టి మీద ఉంచి, తర్వాత సరోజిని వాళ్ళకిచ్చేసింది సూరమ్మ.

చేతి మిషను ఆ పెరట్లోనే ఉంది. వానకు తుప్పు పట్టకుండా చూరు కింద మేకుకు తగిలించింది. గుర్తొచ్చినప్పుడల్లా పళ్ళ మీద నూనె చుక్క వేస్తుంది. పళ్ళ మధ్య ఆ రోజు ఇరుక్కున్న నల్లటి వెంట్రుకలను మాత్రం దులపలేదు.